ఉప్పునీటి సీలులో నా సగం

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా, అమలాపురం పట్టణంలో కాపురముంటున్న, కీర్తిశేషులు ఓలేటి గంగబాబు గారి భార్య, అరవై ఆరేళ్ళ వయసు గల ఓలేటి కృష్ణవేణి అను నేను, తెలివిలో ఉండి, ఎవరూ పక్కన నిలబడి చెప్పించకుండా, నా యిష్టప్రకారం నా చేతిరాతతో రాసుకున్న వీలునామా ఇది. జబ్బు ఒంట్లో ఉంది గానీ బుర్రలో లేదు. కావాలంటే డాక్టరుగారిని అడగవచ్చు. ఇదివరకు నేను రాసిన వీలునామా ఏదైనా ఉంటే అది ఇందుమూలంగా రద్దు. ఇది నా తదనంతరం మాత్రమే అమల్లోకి రావలెను. నేను బతికున్నంత కాలం నా ఆస్తి మీద సర్వహక్కులూ నావే.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత వకీలు నాగదుర్గాప్రసాద్ గారికి అప్పగిస్తున్నాను. ఆయన దీన్ని చదివి, "వీలునామాలో ఇన్ని కబుర్లు ఉండకూడదండీ, ఆస్తి వివరాలు చాలు" అన్నారు. నా ఆస్తిలో ముఖ్యమైనదానికి సర్వే నెంబరు లేదు, హద్దులు లేవు. తూర్పున కాలువ, పడమర రోడ్డు అని రాయడానికి కుదరదు. అందుకని అది ఎలా వచ్చిందో చెప్పకపోతే ఎవరికి ఎందుకు ఇస్తున్నానో తెలియదు. కబుర్లు ఉంటాయి.

2. నా ఆస్తి వివరం. మా ఆయన గంగబాబు గారిది కాట్రేనికోన. వాళ్ళది పడవల ఇల్లు. ఆయన బోటు ఇంజన్లు బాగుచేసేవారు. నేను పెళ్ళికి ముందు ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసరుగా పనిచేశాను. కాలువల పటాల మీద పల్చటి కాగితం పరిచి నల్ల సిరాతో గీతలు దించడం నా పని. పెళ్ళయ్యాక ఆ గీతలు దేనికి పనికొస్తాయని మా అత్తగారు వీరాయమ్మ గారు అడిగేవారు. నాకూ తెలిసేది కాదు.

రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువులో నీటిని చిలికి రొయ్యకు గాలి అందించే చక్రాల యంత్రాలు వచ్చాయి. వాటిని ఏరేటర్లంటారు. వాటి గేర్‌బాక్సులోకి ఉప్పునీళ్ళు దిగి, నడుస్తున్నది నడుస్తున్నట్టే ఆగిపోయేది. యంత్రం ఆగితే తెల్లారేసరికి చెరువు మీద రొయ్యలు తెల్లగా తేలేవి. ఒక వేసవిలో మా వీధిలో మూడిళ్ళవాళ్ళు అలా చితికిపోయారు. మా ఆయన అన్నం ముందు కూర్చుని, "బోటు ఇరుసుకి నీళ్ళు ఆపగలిగినోణ్ణి, దీనికి ఆపలేనా?" అనేవారు. ఇరుసు చుట్టూ గ్లాండు, అంటే నీటిని ఆపే చుట్టు, రెండు వరసలు బిగించి మధ్యలో గ్రీజు నింపారు. నీళ్ళు కొన్నాళ్ళు ఆగేవి, మళ్ళీ దిగేవి.

ఒకరోజు నేను పెరట్లో తడిసిన కొబ్బరితాడు ఆరేస్తుంటే అది గిర్రున తిరిగింది. నీటిబొట్లు తాడు పేట వెంబడి ఒక వైపుకే జారిపోయాయి. రెండో వైపుకి తిప్పి చూశాను. బొట్లు ఎదురు దిక్కుకి వెళ్ళాయి. ఆయన్ని కేకేసి, "ఏవండీ, ఇరుసు మీద ఇలా మెలి గాడి తీస్తే, తిరిగినంతసేపూ నీళ్ళని అదే బయటికి నెట్టుకుంటుంది కదండీ" అన్నాను. ఆయన తాడు అందుకుని అటూ ఇటూ తిప్పి, చొక్కా వేసుకుని లేతు మిషను ఉన్న షెడ్డుకి వెళ్ళిపోయారు. సాయంత్రం నల్ల గ్రీజు చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడి, "వేణీ, నీరు ఆగిందే" అన్నారు. నా జీవితంలో ఇంతకంటే మంచి సాయంత్రం ఇంకోటి లేదు.

2009లో, నీళ్ళు దిగకుండా ఆపే ఆ మెలిగాడి సీలు మీద పేటెంటుకి చెన్నై ఆఫీసులో దరఖాస్తు పెట్టాం. బొమ్మలన్నీ నేను గీశాను. కనిపెట్టినవాళ్ళుగా మా ఇద్దరి పేర్లు, హక్కుదారులుగా ముందు మేమిద్దరమే. తర్వాత అందులో ఒక సగం అయినవిల్లి కొబ్బరి రైతు ధర్మరాజు గారికి రాసిచ్చాం. ఆయన మా ఆయనకి స్నేహితులు, నాకు అన్నయ్యగారు. రక్తసంబంధం కాదు, వరస కలిపి పిలుచుకున్న అన్నయ్య. ఆయనకి సగం ఎందుకంటే, షెడ్డు పెద్దది చేద్దామని మేం బ్యాంకుకి వెళితే మేనేజరు దరఖాస్తు రసీదు తిప్పి తిప్పి చూసి, "ఈ కాయితానికి అప్పివ్వమండీ. తోట ఏమైనా ఉంటే చెప్పండి" అన్నాడు. బయట చెట్టుకింద నిలబడ్డ ధర్మరాజు గారు ఆ మాట విని, ఇంటికి వెళ్ళి తన తోట దస్తావేజులు తెచ్చి బల్లమీద పెట్టారు.

పేటెంటు చేతికొచ్చింది 2014లో. అప్పటికి మా ఆయన పోయి రెండేళ్ళు. ఆయన భాగం కూడా నాకే దఖలు పడి, సదరు పేటెంటులో సగం నా పేర ఉన్నది. దాని గడువు దరఖాస్తు పెట్టిన నాటి నుంచి ఇరవై ఏళ్ళు. అంటే 2029తో తీరిపోతుంది.

3. అమలాపురంలో నేనుంటున్న ఇల్లు, దాని వెనక వర్క్‌షాపు, అందులోని యంత్రాలు, ఈ దిగువ 6వ అంశంలో చెప్పిన లేతు మిషను తప్ప, మా అమ్మాయి తులసికి ఇస్తున్నాను. "వీరాయమ్మ" అనే ట్రేడ్‌మార్కు కూడా తులసిదే.

ఆ పేరు పెట్టింది మా ఆయన. మొదటి యంత్రం మీద ఎర్రరంగుతో అమ్మ పేరు రాయించి తెచ్చి చూపించారు. మా అత్తగారు కర్ర పుచ్చుకుని లేచారు. "నా పేరు నీళ్ళల్లో గిరగిరా తిప్పుతావేంట్రా సచ్చినోడా!" అని. తర్వాత చెరువుల మీద రైతులు ఒకళ్ళనొకళ్ళు "ఏమండీ, వీరాయమ్మ తిరుగుతోందా?" అని అడుగుతున్నారని తెలిసి, వీధరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళకి తనే చెప్పేవారు, "ఆయ్, నేనేనండి ఆ వీరాయమ్మని" అని.

తులసీ, పేటెంటుకి చావు తేదీ ఉంది. పేరుకి లేదు. పదేళ్ళకోసారి రుసుము కట్టి, దాన్ని చెడగొట్టకుండా వాడుకున్నంత కాలం అది మనదే. పొరుగు జిల్లాల వాళ్ళు కొందరు మన సీలు వదిలేసి, పేరు మాత్రం అద్దెకిమ్మని అడుగుతారు. యంత్రం విప్పి చూడకుండా ఇవ్వకు. గ్రీజులో కలిపే పాళ్ళు నీకు నోటితో చెప్పాను. దాన్ని పేటెంటులో పెట్టకపోవడం మీ నాన్న తెలివి. "పేటెంటంటే ఊరందరికీ చెప్పి, ఇరవయ్యేళ్ళు ముట్టుకోకండని అడగడమేనే. చెప్పకుండా ఉండగలిగింది ఎందుకు చెప్పడం?" అనేవారు. నువ్వూ అలాగే ఉండు.

4. కాట్రేనికోన మండలంలో నా పేర ఉన్న రెండు చెరువులు, మోటారు షెడ్డుతో సహా, మా అబ్బాయి సాయిబాబుకి సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆ చెరువులు చెమటతో కొన్నవి కాదు, రాయల్టీతో కొన్నవి. భీమవరం కంపెనీ ఒకటి మన సీలు తన యంత్రాల్లో వాడుకుంటానని వచ్చి, ముందు కొంత ఏకమొత్తంగా ఇచ్చి, తర్వాత యంత్రానికింత అని కట్టింది. మనం ఒక్క బోల్టు బిగించకుండా ఏటా డబ్బు వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు నాకు భయం వేసింది, ఎవరిదో పొరపాటున మన ఖాతాలో పడిందేమోనని.

సాయీ, నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు నువ్వు నా పక్కన కూర్చుని, "అమ్మా, పేటెంటు కొంటామన్న ఆ చెన్నై వాళ్ళకి సంతకం పెట్టేస్తే నీకు మనశ్శాంతి కదే. ఇంకా ఎన్నాళ్ళు మోస్తావు?" అన్నావు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. కోపం కాదు నాన్నా. నీకు చెప్పాల్సింది చాలా ఉంది, ఊపిరి చాలలేదు. ఇప్పుడు 7వ అంశంలో చెబుతున్నాను.

5. నా చేతి గాజుల జత మా కోడలు దుర్గకి. పేటెంటు దరఖాస్తు ఖర్చులకి వాటిని తాకట్టు పెట్టాం. మా దగ్గర పని నేర్చిన లాజరు కట్టిన మొదటి రాయల్టీతో విడిపించుకున్నాను. నాకు జావ కాచి పట్టిన చేతులకి అవి ఉండాలి. బిగుతైతే చెడగొట్టి వేరే చేయించుకో, నేనేమీ అనుకోను.

6. మా ఆయన లేతు మిషను తాటిపాకలో వర్క్‌షాపు నడుపుతున్న లాజరుకి ఇస్తున్నాను. లాజరు మా దగ్గరే పని నేర్చాడు. మా ఆయన పోయిన మరుసటి ఏడు వేరుపడి, అదే సీలుతో, తన పేరుతో యంత్రాలు చేయడం మొదలెట్టాడు. అతన్ని చూసి రాజోలులో ఇంకొందరు. పేటెంటు రాగానే ధర్మరాజు గారు, "ఇప్పుడు కేసు వేద్దాం చెల్లెమ్మా. ఒకణ్ణి పడగొడితే మిగతావాళ్ళు వాళ్ళే మూసుకుంటారు" అన్నారు.

నేను లాజరుకి కబురంపాను. వచ్చి గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. "తప్పేనండమ్మా. కానీ చేతులు నేర్చేసుకున్నాయి కదండీ, మానమంటే మానట్లేదండి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ధర్మరాజు గారితో అన్నాను: "అన్నయ్యగారూ, మీ తోటలో కాయలు దింపుకోవడానికి ఇంకొకరికి ఇచ్చినప్పుడు ఏం చేస్తారు? కౌలు రాయించుకుంటారు. ఇదీ అంతే. కోర్టుకి లాగితే వకీలు బాగుపడతాడు. కౌలుకిస్తే వీళ్ళూ బతుకుతారు, మనమూ బతుకుతాం." ఆయన మీసం దువ్వుకుని, "నీ ఇష్టం" అన్నారు. ఏడాదికోసారి తిరగరాసుకునే లైసెన్సు కాగితాలు రాయించి ఇద్దరం సంతకాలు పెట్టాం. లాజరు మొదలు, తర్వాత రాజోలు, కొత్తపేట వాళ్ళు, ఒక్కొక్కరే వచ్చారు. ఆ మూడేళ్ళు మంచి రోజులు. క్రిస్మస్‌కి లాజరు ఇంటినుంచి కేకు వచ్చేది, వినాయకచవితికి ధర్మరాజు గారింటినుంచి కుడుములు వచ్చేవి. వర్క్‌షాపులో అందరూ కలిసి తినేవాళ్ళు. మా ఆయన ఉండి ఉంటే అనుకునేదాన్ని.

7. పేటెంటులో నా సగం హక్కు.

2017లో చెన్నై నుంచి ఒక కంపెనీ వాళ్ళు వచ్చారు. వాళ్ళు యంత్రాలు చేయరు, చేయించరు. దేశమంతా తిరిగి పేటెంట్లు కొంటారు. కొని, వాటిని వాడుతున్నవాళ్ళ మీద నోటీసులు వేసి, కట్టించుకుంటారు. వాళ్ళకి అదే పంట. మా ఇద్దరి సగాలకీ కలిపి చెప్పిన ధర విని వర్క్‌షాపు కుర్చీలో కూర్చున్న నేను లేచి నిలబడ్డాను. లైసెన్సుల సంగతి అడిగితే, వచ్చిన పెద్దమనిషి మర్యాదగా, "ఈ ఏడాదితో అయిపోతాయి కదండీ. తర్వాత మా రేటు మాకుంటుంది" అన్నాడు. ఆ రేటు లాజరు కట్టలేడు. ఎవరూ కట్టలేరు.

చట్టం ఏమంటుందంటే, ఉమ్మడి పేటెంటులో ఒకరి భాగం ఇంకొకరి ఒప్పుదల లేకుండా బయటివాళ్ళకి అమ్మకూడదు, లైసెన్సు ఇవ్వకూడదు. నేను ఒప్పుకోలేదు. అక్కడితో ధర్మరాజు గారి చేతులు కట్టేసినట్టయింది. ఆయన అప్పటికి కౌలుకి చెరువులు తీసుకుని, మచ్చల తెగులుకి రెండు పంటలు పోగొట్టుకుని ఉన్నారు. తోట ఇంకా బ్యాంకులోనే ఉంది. మా వర్క్‌షాపు అప్పు తీరింది గానీ, దానిమీదే చెరువుల కోసం ఆయన మళ్ళీ తెచ్చుకున్నారు. "చెల్లెమ్మా, నువ్వు వాళ్ళ పొయ్యిలు చూస్తున్నావు. నా పొయ్యి చూడవా?" అన్నారు. నా భాగం రాయల్టీ మీరు తీసుకుని తోట విడిపించుకోండి అన్నాను. "సంతకానికి రాని చెయ్యి డబ్బుకి వస్తే నేను పట్టుకోను" అని లేచారు. కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. మరుసటి ఏడు తోట అమ్మేశారు. కొన్నవాళ్ళు పాత చెట్లు కొట్టించి ఇళ్ళ స్థలాలు వేశారు. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే నేను ముక్తేశ్వరం మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని.

అప్పుడు నేను చేసింది సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను. మళ్ళీ ఆ రోజు వచ్చినా ఒప్పుకోను. అయినా సరే, ఆయన తోట పోయిందన్నది అంతే నిజం. రెండూ నా దగ్గరే ఉన్నాయి.

అప్పట్నించి మాటల్లేవు. లైసెన్సు కాగితాల మీద మాత్రం ఏటా ఆయన సంతకం పెట్టేవారు. లాజరు పట్టుకెళ్ళేవాడు, పట్టుకొచ్చేవాడు. పెట్టనని ఒక్క ఏడు అన్నా లైసెన్సులన్నీ ఆగిపోయేవి. నా మీద కోపం తీర్చుకోవడానికి ఆయనకి అంతకంటే సులువైన దారి లేదు. ఒక్క ఏడు కూడా అనలేదు. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నిరుడు నాకు జబ్బు చేసింది. పేటెంటు బతికుండాలంటే ఏటా ప్రభుత్వానికి రుసుము కట్టాలి. కట్టే పని నాది. ఆసుపత్రిలో పడి మర్చిపోయాను. గుర్తొచ్చి తులసిని పరుగెత్తిస్తే, ఎవరో కట్టేసినట్టు తేలింది. ఎవరో ఏమిటి, ఆయన కాక ఇంకెవరు కడతారు?

ఆ రోజుల్లోనే చెన్నై వాళ్ళు మళ్ళీ వచ్చారు. ముందు సాయిబాబు దగ్గరికి, తర్వాత అయినవిల్లిలో ధర్మరాజు గారి దగ్గరికి. లాజరు కాగితాల పనిమీద అక్కడే ఉన్నాడు గనక విన్నాడు. వచ్చినవాళ్ళు, "ఆవిడ పరిస్థితి బాలేదట కదండీ. తర్వాత వారసులు ఒప్పుకునేలాగే ఉన్నారు. మీరు సరే అంటే కాగితాలు సిద్ధం చేస్తాం" అన్నారట. ధర్మరాజు గారు వాళ్ళు కాఫీ తాగేదాకా ఊరుకున్నారట. అప్పుడు, "ఆవిడ మా చెల్లెలండి. ఒంట్లో బాలేదంటే చూసొస్తాం గానీ, ఎప్పుడు పోద్దా అని లెక్కేసుకుని కూర్చోమండి. కాఫీ తాగేరు కదా, బయల్దేరండి మరి" అన్నారట. ఇప్పుడు ఆయనుంటున్నది రెండు గదుల అద్దె ఇల్లు. ఆ ఇంట్లో కూర్చుని ఆ మాట అన్నారు.

మర్నాడు ఆసుపత్రికి వచ్చారు. చేతిలో నాలుగు కొబ్బరి బొండాలు. వాటిని కొనుక్కురావలసి వచ్చిందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, "ఏం చెల్లెమ్మా, వీరాయమ్మ తిరుగుతోందా?" అన్నారు. "తిరుగుతోందండి అన్నయ్యగారూ" అన్నాను. తర్వాత గంగబాబు గారి గురించి మాట్లాడుకున్నాం. పాంటు పడవ మీద గోదావరి దాటుతూ ఆయన గేర్‌బాక్సు నీళ్ళలో జారవిడిచి, దానికోసం చొక్కాతో సహా దూకడం, పైకొచ్చి "సీలు నీళ్ళు ఆపిందో లేదో ఇప్పుడే తెలుస్తుంది" అనడం. ఇద్దరం నవ్వి నవ్వి, నాకు దగ్గు తెర వచ్చి నర్సు ఆయన్ని పంపేసింది. పేటెంటు మాట ఇద్దరం ఎత్తలేదు.

కాబట్టి ఇందుమూలంగా తెలియజేసేది: సదరు పేటెంటులో నా సగం హక్కు, దాని మీద నా తదనంతరం రాబోయే రాయల్టీ యావత్తూ, అయినవిల్లి కాపురస్తులు ధర్మరాజు గారికి, ఏ షరతూ లేకుండా, సంపూర్ణ హక్కులతో ఇస్తున్నాను. దీంతో పేటెంటు మొత్తం ఆయన ఒక్కరిదే అవుతుంది. ఉంచుకోవచ్చు, కౌలుకివ్వవచ్చు, అమ్ముకోవచ్చు. ఇంకొకరి సంతకంతో పని లేదు. పేటెంటు ఆఫీసులో ఈ మార్పు నమోదు చేయించవలసింది నాగదుర్గాప్రసాద్ గారు. నాకంటే ముందు ధర్మరాజు గారు కాలం చేసిన పక్షంలో మాత్రమే ఈ సగం తులసికి చెందవలెను.

తులసీ, సీలు వేసి యంత్రం చేయాలంటే ఇకనుంచి నువ్వు కూడా ఆయన దగ్గర లైసెన్సు తీసుకోవాలి. ఇది నీకు చిన్నతనం అనిపించవచ్చు. వెళ్ళినప్పుడు భోజనాల వేళకి వెళ్ళు. పీట వేయకుండా పంపరు. సాయీ, నువ్వు కూడా తోడు వెళ్ళు.

8. నా ట్రేసింగు బల్ల, సిరా కలాలు, పేటెంటు కోసం నేను గీసిన బొమ్మల అసలు ప్రతులు మన ఊరి ఐ.టి.ఐ.కి ఇవ్వాలి. 2029 తర్వాత ఆ సీలు ఎవరైనా చేసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. సరిగ్గా చేసుకోమనండి. గాడి మెలి తిరగవలసిన దిక్కు బొమ్మలో బాణం గుర్తుతో చూపించాను.

9. నా అస్థికలు అంతర్వేదిలో కలపండి. పెద్ద కర్మలు వద్దు. వర్క్‌షాపు ఒక్కరోజు కంటే ఎక్కువ మూయవద్దు. సీజను నడుస్తుంటే అసలు మూయవద్దు.

10. ఈ వీలునామాలో ఏముందో ముందుగా లాజరుకి చెప్పాను, అతని బతుకు కూడా ఇందులో ఉంది గనక. అతను, "అంతా బానే ఉందండమ్మా. ఆయన అమ్మేస్తేనండి?" అన్నాడు. నా పిల్లలు కూడా అదే అడుగుతారని తెలుసు గనక, లాజరుకి చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను. అమ్మితే అమ్మనీ. ఆ రోజు బ్యాంకు బల్లమీద తోట కాగితాలు పెట్టినప్పుడు, మీరు ముంచేస్తేనో అని ఆయన మమ్మల్ని అడగలేదు.

పైన రాసినదంతా నేను రాసినదే, చదువుకున్నదే, ఒప్పుకున్నదే. 2025వ సంవత్సరం ఆగస్టు నెల ఇరవై ఒకటో తేదీ, గురువారం, అమలాపురంలో మా ఇంటి ముందుగదిలో, దిగువ సాక్షులిద్దరూ చూస్తుండగా సంతకం చేశాను. ఇందులో భాగం ఉన్నవాళ్ళు సాక్షులుగా ఉండకపోవడం మంచిదని వకీలుగారు అన్నందున ఇరుగుపొరుగు వారిని పిలిపించాను.

(సం.) ఓలేటి కృష్ణవేణి

సాక్షులు:
1. (సం.) మాణిక్యాలరావు, మందుల షాపు యజమాని, అమలాపురం
2. (సం.) పెదబాబు, రిటైర్డు పోస్టుమాస్టరు, అమలాపురం